అమలాపురంలో నాన్న శుక్లం ఆపరేషన్: ఆస్పత్రి, డాక్టరమ్మగారు, మా అనుభవం

ఆపరేషన్ అయిన మర్నాడే ఈ రివ్యూ రాసేద్దామనిపించింది కానీ చుక్కల మందు కోర్సు పూర్తయి, కొత్త అద్దాలొచ్చి, నాన్న మళ్ళీ తోటలోకెళ్ళి పని చేసుకునేదాకా ఆగి రాస్తే చదివేవాళ్ళకి నిజంగా పనికొస్తుందని నాలుగు నెలలు ఆగాను. ఆస్పత్రి అమలాపురంలో, చిన్నదే, కింద అద్దాల షాపు, మొదటి అంతస్తులో ఓపీ, పైన థియేటరు. పేరు రాయొద్దని డాక్టరమ్మగారే అన్నారు కాబట్టి రాయట్లేదు. అక్కడ ఏం చేశారో, ఎందుకు చేశారో మాత్రం వివరంగా రాస్తా, మీరు ఏ ఊళ్ళో ఏ కంటి డాక్టరు దగ్గరికెళ్ళినా ఏం చూసుకోవాలో తెలుస్తుంది.

మాది అంబాజీపేట పక్కన పల్లెటూరు. నాన్నకి 67. కొబ్బరి తోట, కొంచెం వరి. షుగరు పన్నెండేళ్ళ నుంచీ ఉంది. పోయిన సంక్రాంతి దగ్గర్నుంచి కుడి కన్ను మసగ్గా ఉందంటున్నారు, రాత్రి పూట ఎదురుగా బండి లైటు పడితే వెలుగంతా చెదిరిపోయి రోడ్డు కనపడట్లేదని సాయంత్రం ఆరు దాటితే బయటికెళ్ళడం మానేశారు. మేం చత్వారం అనుకున్నాం, వయసు అనుకున్నాం. దింపు రోజున రాశి పక్కన కూర్చుని కాయలు లెక్కపెట్టేది ఎప్పుడూ ఆయనే, ఎవ్వర్నీ నమ్మరు, అలాంటిది మొన్న వేసవి దింపులో నన్ను పిలిచి "అమ్మాయ్, నువ్వు లెక్కెట్టు" అన్నారు. ఆ రోజు నాకు భయమేసింది.

ముందు వేరే చోటికెళ్ళాం, అదెక్కడన్నది అనవసరం. టార్చి వేసి చూశారు, మిషన్లో గడ్డం పెట్టించి రెండు నిమిషాలు చూశారు, శుక్లం బాగా ముదిరింది రేపు ఖాళీ ఉంది చేసేద్దాం అని మూడు రకాల లెన్సుల రేట్లున్న కాగితం చేతిలో పెట్టారు. షుగరుందా అని అడిగారు, ఉందన్నాం, రాసుకున్నారు, అంతే. నాన్న సరే అనేశారు కూడా. ఇంటికొచ్చాక మా పిన్ని కూతురికి ఫోన్ చేశా, అది కంటి పీజీ చేస్తోంది, రెండో సంవత్సరం. అది అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అక్కా, పెదనాన్నకి చుక్కలేసి గంట కూర్చోబెట్టారా?" లేదన్నా. "కంటిపాప పెద్దది చెయ్యకుండా వెనక ఏముందో ఎలా చూశారు మరి? పన్నెండేళ్ళ షుగరు పేషెంటుకి రెటీనా, అదే కంటి వెనక పొర, చూడకుండా ఆపరేషన్ ఏంటి, ఆపు" అంది. ఈ అమలాపురం డాక్టరు గురించి చెప్పింది కూడా అదే.

మొదటి రోజు గురించి చెప్తా. టోకెన్లు ఎనిమిదిన్నరకి మొదలు, మేం తొమ్మిదికెళ్తే 23 వచ్చింది. ముందు ఒక అమ్మాయి చూపు పరీక్ష చేసింది, తెలుగక్షరాల చార్టు, ఒక కన్ను మూసి ఒక కన్ను. ఈవిడ ఆప్టోమెట్రిస్టు. చాలామంది ఈవిడే డాక్టరనుకుని చూపించేసుకున్నాం అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేదాన్ని. అద్దాల పవరు చూసేది, ప్రాథమిక పరీక్షలు చేసేది ఆప్టోమెట్రిస్టు, అద్దాలు తయారుచేసి అమ్మేది ఆప్టికల్ షాపు వాళ్ళు, రోగం తేల్చి మందిచ్చి ఆపరేషన్ చేసేది కంటి డాక్టరు. ఈ ముగ్గురికీ తేడా తెలియక, అద్దాలు మార్చుకుంటూ ఏళ్ళు గడిపేసి, ఆఖర్న నీటికాసులని (గ్లాకోమా, కంటి నరం దెబ్బతినే జబ్బు) తెలిసి అప్పటికే చూపు పోగొట్టుకున్నవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. నీటికాసుల్లో పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ వెనక్కి రాదు, శుక్లం అలా కాదు, తీస్తే వస్తుంది. అందుకే నలభై దాటినవాళ్ళకి అద్దాల పవరు ఒక్కటే చూస్తే సరిపోదు, కంటి ప్రెషరూ, వెనకున్న నరమూ కూడా చూడాలి. ఇక్కడ ప్రెషరు చూశారు, 16 వచ్చింది. 10 నుంచి 21 దాకా మామూలేనట, ఐతే ప్రెషరు మామూలుగా ఉన్నా నీటికాసులు రావచ్చు కాబట్టి నరం చూడకుండా వదలను అన్నారు డాక్టరమ్మగారు.

తర్వాత చుక్కలేసి కూర్చోబెట్టారు. పది నిమిషాలకోసారి మూడు సార్లు. షుగరున్నవాళ్ళకి కంటిపాప అంత తొందరగా విచ్చుకోదట, అందుకని నాన్నకి ఇంకోసారి వేశారు. మళ్ళీ లోపలికి పిలిచేసరికి పన్నెండున్నర.

అక్కడ ఆవిడ చేసిన పరీక్ష నేను పక్కనే నిలబడి చూశా. గది చీకటి చేసి, నెత్తికి లైటున్న మిషన్ తగిలించుకుని, చేత్తో ఒక లెన్సు పట్టుకుని, నాన్నని పైకి చూడమని, కిందకి చూడమని, కుడికి, ఎడమకి, మూలమూలకీ చూపించి లోపలంతా గాలించారు. బాగున్న కన్నని మేం అనుకుంటున్న ఎడమ కన్నుకి కూడా అంతే సేపు పట్టింది. తర్వాత ఒక కాగితం మీద గుండ్రంగా గీసి ఎర్ర పెన్సిల్‌తో, నీలం పెన్సిల్‌తో రక్తనాళాలు వేసి, మధ్యలో చుక్కలు పెట్టి మా వైపు తిప్పారు. "బాబాయ్ గారూ, శుక్లం ఉంది, నిజమే, తీయాల్సిందే. కానీ వెనకాల చూపు మొత్తానికి ముఖ్యమైన చోట షుగరు వల్ల నీరు చేరి వాచింది. ఇప్పుడు శుక్లం తీసేస్తే ఆ వాపు ఇంకా పెరగొచ్చు. ముందు అది తగ్గించుకుని రండి, శుక్లం ఎక్కడికీ పోదు" అన్నారు. నాన్నకి చిరాకొచ్చింది, "తీసెయ్యమని వస్తే తియ్యనంటారేంటండి" అన్నారు. ఆవిడ విసుక్కోలేదు. ఆ బొమ్మే మళ్ళీ ఇంకోసారి మొదట్నుంచి చెప్పారు.

నా వరకు ఈ ఆస్పత్రికి మార్కులన్నీ ఆ అరగంటకే. ఆపరేషన్ చెయ్యడానికి ఒప్పుకున్న పేషెంటు ఎదురుగా కూర్చుంటే, డబ్బులొచ్చే పని వాయిదా వేసి, తన దగ్గర లేని వైద్యానికి వేరే ఊరు పంపించడం చిన్న విషయం కాదు. రెటీనా స్కానూ ఇంజెక్షన్లూ ఇక్కడ లేవు, అందుకని రాజమండ్రిలో రెటీనా డాక్టరుకి ఒక పేజీ నిండా ఉత్తరం రాసి, ఆ బొమ్మ జత చేసి ఇచ్చారు. రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి నెలకోసారి మూడు నెలలు తిరిగాం. కంట్లో ఇంజెక్షనంటే నాన్న రాత్రంతా నిద్రపోలేదు మొదటిసారి, కానీ మొద్దుబారే చుక్కలేసి చేస్తారు, నొప్పి పెద్దగా లేదన్నారు. ఈ మూడు నెల్లూ షుగరు కూడా గట్టిగా చూసుకున్నాం, అన్నం తగ్గించడానికి అమ్మ పడ్డ పాట్లు దేవుడికెరుక. స్కాన్‌లో వాపు తగ్గిందని అక్కడ రాసిచ్చాకే ఇక్కడ డేటిచ్చారు. షుగరున్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి, రెటీనా దెబ్బతింటున్నా చాలాకాలం ఏమీ తెలియదు, నొప్పుండదు, ఎరుపుండదు, అందుకే బాగా కనపడుతున్నా సరే ఏడాదికోసారి చుక్కలేయించుకుని చూపించుకోవాలి.

డేటు దగ్గరపడే ముందు మా చెల్లి, అదే ఆ పిన్ని కూతురు, ఇంటికొచ్చింది, రెండ్రోజులుంది. డాక్టర్లకి డబ్బులే డబ్బులు అనుకునేవాళ్ళు ఒకసారి దాని మాటలు వినాలి. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, అందులో ఆఖరి ఏడాది హౌస్ సర్జన్సీ. తర్వాత నీట్ పీజీ, సీటొస్తే కంటికి మూడేళ్ళు. అదయ్యాక కూడా రెటీనాకో కార్నియాకో (కంటి ముందున్న అద్దంలాంటి పొర) నీటికాసులకో విడిగా ఫెలోషిప్ ఇంకో ఏడాదో రెండేళ్ళో. పీజీ మొదట్లో ఆపరేషన్లేం ఉండవట, పొద్దున్నించి సాయంత్రం దాకా ఓపీలో అద్దాల పరీక్ష, ప్రెషర్లు, కన్నీటి దారి మూసుకుపోయిందేమోనని నీళ్ళు కొట్టి చూడటం. స్లిట్ లాంప్ (గడ్డం పెట్టించి కన్ను చూసే మిషన్) ముందు కూర్చుని కూర్చుని మెడ పట్టేస్తుందంది. వెనక రెటీనా చూడటం రావడానికే నెలలు పడుతుందట, మొదట్లో అంతా ఎర్రగా అలికినట్టు కనపడుతుంది కానీ ఏదేంటో తెలియదట, వందల కళ్ళు చూశాకే కన్ను అలవాటు పడేది. చేతి పని మొదలుపెట్టేది మేక కళ్ళ మీద. మటన్ కొట్టు నుంచి పొద్దున్నే తెప్పించుకుని, మైక్రోస్కోప్ కింద పెట్టుకుని కోతలూ కుట్లూ నేర్చుకుంటారు. తర్వాత పెద్ద డాక్టరు పక్కన కూర్చుని చూస్తుంటే మనిషి కంటి మీద ఒక్కో మెట్టూ ఒక్కో మెట్టూ చేయిస్తారు, మొత్తం ఆపరేషన్ మొదట్నుంచి చివరిదాకా ఒక్కళ్ళే చెయ్యడానికి చాలాకాలం పడుతుంది.

కష్టమైంది ఏంటే అంటే అది ఇలా చెప్పింది. కంట్లో లెన్సు ఒక పల్చటి సంచిలో ఉంటుంది. ఆ సంచి పై పొరని ఐదు మిల్లీమీటర్ల గుండ్రంగా చింపాలి, అంచు చీలకుండా. "తాటి ముంజ మీద పొర గోరుతో తీస్తాం కదా అక్కా, ముంజ చిట్లకుండా, నీళ్ళు కారకుండా, అలాగ, కానీ ఆ ముంజ శనగ్గింజంత ఉందనుకో" అంది. సంచి వెనక పొరైతే నాలుగు మైక్రాన్ల మందమట, అంటే మన వెంట్రుకలో పదోవంతు కూడా ఉండదు. అది చిరిగితే కొత్త లెన్సు పెట్టడానికి ఆధారం పోతుంది, లోపలున్న జిగురు ముందుకొచ్చేస్తుంది. రెండు చేతులూ కంటి దగ్గరుంటే ఎడమ కాలు మైక్రోస్కోప్ పెడల్ మీద, కుడి కాలు ఫేకో మిషన్ పెడల్ మీద. ఆ కుడి పెడల్‌కి మూడు మెట్లు, కొంచెం నొక్కితే నీళ్ళొస్తాయి, ఇంకొంచెం నొక్కితే పీల్చుకుంటుంది, ఇంకా నొక్కితే అల్ట్రాసౌండ్‌తో శుక్లం ముక్కలు చేస్తుంది. ఒక మెట్టు ఎక్కువ నొక్కితే చాలట, సంచి చిరిగిపోడానికి. నాలుగు కాళ్ళూచేతులూ నాలుగు పనులు చేస్తూ ఉంటే కళ్ళు మాత్రం మైక్రోస్కోప్ నుంచి తియ్యకూడదు. అమ్మ ఇదంతా విని "మగ్గం నేసేవాళ్ళలాగన్నమాట" అంది. మా అమ్మమ్మగారి వైపు నేత ఇళ్ళ మధ్యలో పెరిగింది అమ్మ, ఆ పోలిక మా చెల్లికి ఎంత నచ్చిందో.

శుక్లం పండాకే తియ్యాలన్న మాట కూడా అడిగాం, మా వైపు పెద్దవాళ్ళందరూ అదే అంటారు కదా. అది పాతకాలం పద్ధతికి. ఇప్పుడు ఎంత ముదిరితే గింజ అంత గట్టిపడి, పగలగొట్టడానికి అంత ఎక్కువ శక్తి వాడాల్సొచ్చి కార్నియాకి అంత దెబ్బ. రోజువారీ పనికి అడ్డొస్తోందంటే తీయించుకోవడమే. అలాగే పెద్ద కోత పాతదీ చిన్న కోత మంచిదీ అని కొట్టిపారెయ్యొద్దంది, ఆరేడు మిల్లీమీటర్ల కోతతో కుట్లు లేకుండా చేసే పద్ధతి మన దేశంలో లక్షల మందికి చూపు తెచ్చింది, బాగా ముదిరిన శుక్లానికి ఒక్కోసారి అదే క్షేమం.

ఆపరేషన్ ముందు కంటి పొడవు కొలిచారు. ఇక్కడ కూడా తొందర లేదు, రెండు కళ్ళకీ మళ్ళీ మళ్ళీ కొలిచారు. మన కన్ను 23, 24 మిల్లీమీటర్లుంటుంది, కొలతలో ఒక్క మిల్లీమీటరు తప్పితే పెట్టే లెన్సు పవరు రెండున్నర మూడు పాయింట్లు తేడా వచ్చేస్తుంది, జీవితాంతం ఆ మనిషి దానితో బతకాలి. లెన్సుల గురించి చెప్పేటప్పుడు నేనే అడిగాను, దూరం దగ్గర రెండూ కనపడే ఖరీదైన లెన్సు ఉందట కదా, ఖర్చుకి వెనకాడం, అది వెయ్యండి అని. డాక్టరమ్మగారు వద్దన్నారు. రెటీనాలో జబ్బున్న కంటికి అది సరిపడదు, వెలుగుని రెండు మూడుగా పంచుతుంది కాబట్టి చూపు ఇంకా పల్చబడుతుంది, మామూలు లెన్సు వేస్తా, చదవడానికి అద్దాలు పెట్టుకుంటారు అన్నారు. మన దేశంలో తయారైన లెన్సే వేశారు. ఈ లెన్సుల సంగతి మా చెల్లి చెప్తుంటే నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు అమ్మమ్మకి స్కూల్లో పెట్టిన క్యాంపులో శుక్లం తీశారు, లెన్సు వెయ్యలేదు, సోడాబుడ్డి అద్దాలిచ్చారు. అవి పెట్టుకుంటే అన్నీ పెద్దగా దగ్గరగా కనపడి మెట్లు దిగడానికి భయపడేది, తీస్తే ఏమీ కనపడేది కాదు. కంట్లో లెన్సు పెట్టడం లండన్లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు 1949లోనే చేశాడు, యుద్ధంలో విమానం ప్లాస్టిక్ అద్దం ముక్కలు కంట్లో గుచ్చుకున్న పైలట్లని చూసి, ఆ ప్లాస్టిక్‌ని కన్ను తిప్పికొట్టట్లేదని గమనించి. కానీ ఖరీదెక్కువై మన పల్లెటూళ్ళ దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. మదురైలో వెంకటస్వామి గారు 1976లో 11 మంచాలతో మొదలుపెట్టిన అరవింద్ ఆస్పత్రి వాళ్ళు 1992లో ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు ఇక్కడే చవగ్గా తయారుచెయ్యడంతో మనలాంటివాళ్ళకి అందాయి. అమ్మమ్మకి అప్పుడు అందలేదు, ఆ బెంగ నాకు ఇప్పటికీ ఉంది.

ఆపరేషన్ రోజు చెప్పడానికి పెద్దగా లేదు, అదే మంచి విషయం. పొద్దున్నే తలస్నానం చేసి రమ్మన్నారు, ఏ కన్నో నుదుటి మీద గుర్తు పెట్టారు, పేరూ కన్నూ ముగ్గురు విడివిడిగా అడిగారు. గోధుమరంగు అయోడిన్ మందు కంట్లో వేసి కడిగారు, ఇన్ఫెక్షన్ రాకుండా అదే ముఖ్యమట. లోపల ఇరవై నిమిషాలు. మర్నాడు కట్టు విప్పాక చార్టు చదివించారు, అప్పటికి సగం పైగా చదివారు, నెల తర్వాత అద్దాలతో ఆఖరి నుంచి రెండో వరస దాకా వచ్చారు. వాపు మచ్చ కొంచెం ఉంది కాబట్టి ఆఖరి వరస రాకపోవచ్చని ముందే చెప్పారు, రాలేదు, మాకు బాధ కూడా అనిపించలేదు ఎందుకంటే ముందే తెలుసు. చుక్కలు ఎప్పుడెన్ని వెయ్యాలో వారం వారం తగ్గించుకుంటూ ఆరు వారాలకి తెలుగులో రాసిచ్చిన కాగితం బంగారం, ఫ్రిజ్ మీద అతికించుకున్నాం. నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం, ఈ మూడింట్లో ఏదొచ్చినా రాత్రైనా సరే రమ్మని నంబరు ఇచ్చారు.

వెయిటింగ్ హాల్లో చూసిన ఒక సంగతి రాయకుండా ఉండలేను. నూర్పిళ్ళప్పుడు వడ్ల గింజ తగిలి కన్ను ఎర్రబడ్డ ఒకావిడ వచ్చింది, వారం రోజులు మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుందట, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ. డాక్టరమ్మగారు ఆ సీసా చూసి తల పట్టుకున్నారు, స్టెరాయిడ్. గింజ, ఆకు, కొబ్బరి పీచు లాంటివి తగిలి వచ్చే పుండులో చాలాసార్లు బూజు ఉంటుందట, స్టెరాయిడ్ వేస్తే ఎరుపు తగ్గినట్టనిపించి లోపల బూజు విజృంభిస్తుంది. అక్కడికక్కడే పుండు గీకి గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోప్‌లో చూసి బూజు మందు గంటగంటకీ వెయ్యమని ఇచ్చారు. ఫీజు తీసుకోలేదు. హాల్లో గోడకి ఒక బోర్డు ఉంది, చెరువుల మీద పనిచేసేవాళ్ళ కోసం: సున్నం, బ్లీచింగ్ కంట్లో పడితే ముందు అక్కడికక్కడే అరగంట మంచినీళ్ళతో కడగండి, తర్వాతే బండెక్కండి అని. కనురెప్పలు తిప్పి కడగాలని బొమ్మ కూడా. రొయ్యల చెరువులున్న ప్రతి ఊళ్ళో ఆ బోర్డు ఉండాలి. చనుబాలు, ఆముదం, ఆకు పసర్లు కంట్లో వెయ్యొద్దని దాని కిందే ఇంకోటి, మా అమ్మ దాన్ని రెండుసార్లు చదివింది.

ఇబ్బందులు కూడా రాయాలి. లిఫ్టు లేదు, కళ్ళు కనపడని ముసలివాళ్ళు అంత నిటారు మెట్లెక్కాలి, ఒక వైపే పట్టుకునే కమ్మీ ఉంది, ఇది మార్చాల్సిందే. ఎదురుచూపు మూడు గంటలు తక్కువ కాదు, టోకెన్ నంబరు పిలవడం వినపడదు, వెనక కూర్చున్నవాళ్ళ వంతు పోతుంటుంది. ఫోన్ పగలు ఎత్తరు. బాత్రూం ఒక్కటే. కరెంటు పోతే జనరేటర్ ఉంది కానీ ఓపీలో ఫ్యాన్లు ఆగిపోతాయి, వేసవిలో నరకం. అద్దాలు కింద షాపులోనే కొనాలని మాత్రం ఎవ్వరూ ఒత్తిడి పెట్టలేదు, చీటీ చేతికిచ్చారు, మేం వేరేచోట చేయించుకున్నాం. బిల్లు ముందు చెప్పినదానికి ఒక్క రూపాయి ఎక్కువ కాలేదు. 5కి నాలుగున్నర ఇస్తా, ఆ సగం మెట్లకి కోసేశా.

ఎడమ కంటికి కార్తీకం వెళ్ళాక డేటిచ్చారు. వెళ్ళేవాళ్ళు ఎనిమిదింటికల్లా టోకెన్ దగ్గరుండండి, పాత చీటీలూ షుగరు రిపోర్టులూ వాడే మందుల పేర్లూ పట్టుకెళ్ళండి, చుక్కలేశాక నాలుగైదు గంటలు వెలుగు పడదు, దగ్గరివి కనపడవు కాబట్టి బండి మీద ఒంటరిగా వెళ్ళకండి, ఎవర్నైనా తోడు తీసుకెళ్ళండి, ఒక నల్లద్దాల జత, ఏదైనా టిఫినూ దగ్గరుంచుకోండి, షుగరున్నవాళ్ళు ఖాళీ కడుపుతో మూడు గంటలు కూర్చోకూడదు.